యాంటీవైరస్ ఉచితంగా వచ్చింది, నా కోపం మాత్రం ఫైలు పేర్ల మీద

అందరికీ నమస్కారం, తిరుపతి నుంచి. ముందే చెప్పేస్తున్నాను, ఒక యాంటీవైరస్ కంపెనీ నాకు ఏడాది కీ ఉచితంగా పంపింది. డబ్బు ఇవ్వలేదు, ఏం మాట్లాడాలో చెప్పలేదు. ధర, ఫీచర్లు మీరు ఈపాటికి చూసే ఉంటారు. నాకు కావలసింది ఒక్కటే. అసలు ఇది ఎవరికి అవసరం? విండోస్ వాళ్లకా, మ్యాక్ వాళ్లకా, లినక్స్ వాళ్లకా?

దీన్ని తేల్చడానికి మన ఊరి జిరాక్స్ షాపును మించిన ప్రయోగశాల లేదు. దర్శనం టికెట్లు, హాల్ టికెట్లు, ప్రాజెక్టు రిపోర్టులు... ఊరందరి పెన్‌డ్రైవులూ ఒకే కంప్యూటర్లోకి వెళ్లి వస్తుంటాయి. ఆర్టీసీ బస్టాండు దగ్గరి షాపులో తిరిగొచ్చిన నా పెన్‌డ్రైవును తెరిచాను. విండోస్‌లో ఫోల్డర్లన్నీ క్షేమంగా కనిపించాయి. కానీ ప్రతిదాని మూలన చిన్న బాణం గుర్తు! అసలు ఫోల్డరును దాచేసి, అదే పేరుతో షార్ట్‌కట్ పెట్టింది వైరస్. నొక్కితే ఫోల్డరూ తెరుచుకుంటుంది, వెనకాల వైరసూ నడుస్తుంది. ఇక అనుమానం ఎలా వస్తుంది?

అదే పెన్‌డ్రైవును ఉబుంటు అనే లినక్స్ ఉన్న కంప్యూటర్లో పెట్టాను. దాచిన ఫోల్డరు, నకిలీ షార్ట్‌కట్, వైరస్ ఫైలు, మూడూ పక్కపక్కనే బయటపడ్డాయి. దొంగ వేషం తీసేసి నిలబడినట్టు! విండోస్ కోసం రాసిన ఆ వైరస్ అక్కడ నడవను కూడా నడవలేదు.

ఇక్కడే నాకు ఒళ్లు మండుతుంది. 2000 మే నెలలో ‘ఐ లవ్ యూ’ వైరస్ ప్రపంచాన్ని చుట్టేసింది. టీఎక్స్‌టీ, అంటే మామూలు రాత ఫైలు అని కనిపించే పేరు చివర వీబీఎస్, అంటే ప్రోగ్రాము అని ఉంది, విండోస్ ఆ చివరి ముక్కను చూపించలేదు. జనం ఉత్తరం అనుకుని ప్రోగ్రామును తెరిచారు. పాతికేళ్లు దాటాయి. విండోస్ 11 కూడా మామూలుగా ఆ చివరి ముక్కను దాచిపెట్టే వస్తోంది! చూడటానికి అందంగా ఉండాలట. పెన్‌డ్రైవు పెట్టగానే దానంతట అదే నడిచే ఆటోరన్‌ను 2011లో పాత విండోస్‌లలో కూడా ఆపేశారు, సంతోషం. మరి ఈ చివరి ముక్కను చూపించడానికేం అడ్డు? ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో ‘వ్యూ’లోకి వెళ్లి, ‘షో’ కింద ‘ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్’ టిక్ చేయండి. వీడియో ఆపి ఇప్పుడే చేయండి, నేను ఎక్కడికీ పోను.

మ్యాక్ వాళ్లు నవ్వుకోవద్దు. 2012లో ‘ఫ్లాష్‌బ్యాక్’ అనే వైరస్, జావా అనే సాఫ్ట్‌వేర్‌లోని లోపం పట్టుకుని దాదాపు ఆరు లక్షల మ్యాక్‌లలో దూరింది. ఉచితంగా వస్తుందని క్రాక్ సాఫ్ట్‌వేర్ దించుకుని, అడగ్గానే పాస్‌వర్డ్ కొట్టేవాళ్లను ఏ కంప్యూటరూ కాపాడదు. లినక్స్ అభిమానులకు కూడా ఒక మాట. 2016లో ‘మిరాయ్’ అనే వైరస్ దాడి చేసింది లినక్స్‌తో నడిచే సీసీ కెమెరాల మీద, రౌటర్ల మీదే. ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ మార్చకపోవడమే దానికి దారి.

ఇక వానాక్రై, విండోస్‌లోని ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగిన వైరస్. అది దూరే లోపాన్ని మూసే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ 2017 మార్చిలోనే ఇచ్చింది, దాడి మేలో జరిగింది. మన చిత్తూరు జిల్లా పోలీసు కంప్యూటర్లకూ అది తగిలిందని అప్పట్లో వార్తలొచ్చాయి. విండోస్ 10కు మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. జిరాక్స్ షాపుల్లో మాత్రం అది ఇంకా హాయిగా నడుస్తోంది. అలాంటి షాపు యజమాని నా చుట్టమైతే, కంప్యూటర్లో ఈరోజే లినక్స్ వేసిస్తాను. ప్రింటరు పనిచేస్తుందో లేదో ముందు చూసుకుని, లెండి.

మరి ఈ యాంటీవైరస్? ఆ పెన్‌డ్రైవు వైరస్‌ను పట్టుకుంది, నిజమే. విండోస్‌తో ఊరికే వచ్చే డిఫెండర్ కూడా పట్టుకుంది. తేడా ఏమిటంటే, డిఫెండర్ నన్ను వీపీఎన్ (ఇంటర్నెట్‌లో మన ఆచూకీ దాచే సేవ) కొనమని గంటగంటకూ పిలవదు. కీ గడువు తీరాక నేను డబ్బు కట్టను. మీరు కొంటే, ఆ ప్రకటనలు ఆపే మీట సెట్టింగుల్లో అట్టడుగున, ‘ప్రత్యేక ఆఫర్లు’ అనే పేరు వెనక ఉంది.