ఆయాసం చెప్పే మాట

అందరికీ నమస్కారం. నేను డాక్టర్ను కాను. ముప్పయ్యేళ్ళు బడిపిల్లల చేత డ్రిల్లు చేయించిన మాస్టర్ని. ఒళ్ళు చెప్పే మాట వినడం గురించి చెప్పమని పిలిస్తే నాకే నవ్వొచ్చింది. పిల్లల ఒళ్ళు వంచడమే గానీ, ఒంటి మాట వినడం నేనెప్పుడు నేర్పాను? "దాహమేస్తా ఉంది సార్" అన్న పిల్లోణ్ణి "బెల్లు కొట్టినాక తాగుదువులే" అని ఎండలో నిలబెట్టినవాణ్ణే.

నాకు బుద్ధొచ్చింది అలిపిరి మెట్ల మీద. రిటైరైన ఏడు మా అల్లుడితో కలిసి కొండెక్కినాను. 3,550 మెట్లు. అతని చేతికి గుండె వేగం చూపించే గడియారం. మాకు ముందు ఒక అవ్వ, మెట్టు మెట్టుకూ పసుపు పూసి కుంకుమ పెడతా పోతా ఉంది. మేం గబగబా ఆమెను దాటేస్తాం, కొంత దూరం పోయి కూలబడి రొప్పుతాం. ఆమె నింపాదిగా మమ్మల్ని దాటి పోతుంది. గాలిగోపురం చేరేలోపే ఇట్లా నాలుగు సార్లు. నేను రొప్పినప్పుడల్లా అల్లుడు గడియారం చూసి "ఇంకా ఎక్కొచ్చు మామా, ఏం ఫరవాలేదు" అంటాడు. ఆ గడియారం లెక్కపెడుతున్నది అతని గుండెని. రొప్పుతున్నది నేను!

చివరికి మోకాలి మెట్టు కాడ అడిగినాను, "అవ్వా, నీకు ఆయాసం రాదా?" అని. "రాకేం నాయనా? వస్తానే నిలబడతా, పోతానే కదులుతా. నువ్వు అది వచ్చినాక కూడా ఎక్కతా ఉండావు" అనింది. చేతివేళ్ళకంతా పసుపు. ఆ మాటంటూనే ఇంకో మెట్టుకు బొట్టు పెట్టేసింది.

ఇంటికొచ్చినాక తెలిసింది, అవ్వ మాటకు శాస్త్రముంది. పాతకాలపు ఆయుర్వేద గ్రంథం చరక సంహిత, సూత్రస్థానం ఏడో అధ్యాయంలో బలవంతంగా ఆపుకోకూడని వేగాలు, అంటే ఒంట్లో తనంతట పుట్టే తొందరలు, 13 చెప్పారు. మలం, మూత్రం, తుమ్ము, త్రేన్పు, ఆవలింత, ఆకలి, దప్పిక, కన్నీళ్ళు, నిద్ర... వీటితోపాటు శ్రమ వల్ల వచ్చే రొప్పు కూడా అందులో ఉంది.

ఇప్పటి శాస్త్రం కూడా దీనికి దూరం పోలేదు. ఒంట్లో వేడి, ఉప్పు, చక్కెర ఒక హద్దులో నిలిచే ఏర్పాటుకు అమెరికా శాస్త్రవేత్త వాల్టర్ కానన్ 1926లో హోమియోస్టాసిస్ అని పేరుపెట్టాడు. ఊపిరి బిగబట్టి చూడండి. లోపల్నించి తన్నుకొచ్చే తొందర ముఖ్యంగా రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరగడం వల్ల. ఆక్సిజన్ ప్రమాదకరంగా పడిపోకముందే ఒళ్ళు కేక పెడుతుంది. దప్పికా అంతే. రక్తం ఒకటి రెండు శాతం చిక్కబడితే చాలు, మెదడు నీళ్ళడుగుతుంది. నేను ఎండలో నిలబెట్టిన పిల్లోడు సాకు చెప్పలేదన్నమాట. వాడిప్పుడు ఎక్కడున్నాడో.

ఆడపిల్లల సంగతి ఇంకా అన్యాయం. నేను పనిచేసిన ఒక బళ్ళో మరుగుదొడ్డికి గడియ లేదు. సాయంత్రం దాకా ఆపుకోవాలని ఆ పిల్లలు పొద్దున నీళ్ళు తాగకుండా వచ్చేవాళ్ళు. ఒంటి మాట వినమని వాళ్ళకు ఏ ముఖం పెట్టుకుని చెప్తాం? ముందు గడియ పెట్టించాలి.

అయితే ఒక్క మాట. "నా ఒళ్ళు నాకు తెలుసు, మందులెందుకు" అనేవాళ్ళకు నేను వత్తాసు పలకను. కొన్ని చోట్ల ఒళ్ళు మూగది. బీపీ చాలామందిలో ఏ గుర్తూ చూపించదు. షుగరు ముదిరితే పాదాల్లో స్పర్శ పోతుంది. చెప్పుల్లేకుండా కొండెక్కుతూ, ఎండకు కాలిన రాయి మీద అరికాలు బొబ్బలెక్కినా తెలియదు. దిగినాక కాళ్ళు కడుక్కుంటూ చూసుకోవాల్సిందే. వయసు మీదపడితే దప్పికా మందగిస్తుంది, కాబట్టి ఏప్రిల్, మే నెలల్లో నా ఈడువాళ్ళు దాహం కోసం కాచుకోకుండా మధ్యమధ్యలో తాగాలి. నిలబడినా తగ్గని ఆయాసం, ఛాతీలో బరువు వస్తే గ్యాసు అని సోడా తాగి కూర్చోవద్దు, ఆసుపత్రికి పరిగెత్తండి.

ఇంకా రెండు కాగితాలున్నాయి గానీ, వెనక వరసలో ముగ్గురు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఆవలింత ఆపుకుంటున్నారు. ఆ 13లో అదీ ఉందని ఇప్పుడే గదయ్యా చెప్పినాను! కానివ్వండి. అన్నం కూడా వడ్డించినట్టున్నారు.