లేని చట్రం మీద లెక్క

సభకు నమస్కారం.

అబాకస్‌లో ఆరితేరిన పిల్లలు లెక్క చేస్తుంటే చూశారా? టీచరు వరసగా సంఖ్యలు చదువుతూ పోతారు. బల్ల మీద పూసల చట్రం ఉండదు, వేళ్లు మాత్రం గాలిలో ఆడుతుంటాయి. జపాన్ వారి సొరొబాన్‌లో ఒక్కో కమ్మీకి అడ్డపట్టీ పైన ఒక పూస, కింద నాలుగు. పై పూస విలువ 5, కింది వాటిది ఒక్కోటి 1. ఏడు కావాలంటే పైది దించి, కింద రెండు ఎత్తాలి. ఇదంతా ఆ పిల్లలు లేని చట్రం మీద చేస్తారు. వేళ్లు కదలనివ్వకపోతే, ఇంకా నేర్చుకుంటున్నవాళ్లు తడబడతారు. మరి లెక్క జరుగుతున్నది తలలోనా, వేళ్లలోనా, ఇంట్లో వదిలేసి వచ్చిన చట్రంలోనా?

1998లో ఆండీ క్లార్క్, డేవిడ్ చాల్మర్స్ అనే తత్త్వవేత్తలు ఓటో అనే మనిషిని ఊహించారు. అతనికి అల్జైమర్స్. మ్యూజియం ఏ వీధిలో ఉందో నోటుబుక్కు చూసుకుని వెళతాడు. ఆ పుస్తకం ఎప్పుడూ వెంట ఉండి, అందులో రాసినదాన్ని అతను తడుముకోకుండా నమ్ముతుంటే అదీ అతని జ్ఞాపకమేనని వారి వాదన. నేను సగమే ఒప్పుకుంటాను. నోటుబుక్కు పోతే ఓటో కథ మొదటికొస్తుంది. చట్రం పోయినా పిల్లలకు చట్రం మిగిలింది. రెండింటినీ ఒకే గాటన కట్టలేం.

మన అష్టావధానిని చూడండి. కాగితం లేదు, కలం లేదు. నిషిద్ధాక్షరి పృచ్ఛకుడు అక్షరం అక్షరానికీ అడ్డుపడతాడు. అప్రస్తుత ప్రసంగి ఉప్మా సంగతి ఎత్తుతాడు. చివర పద్యాలన్నీ ధారణ చేయాలి. పరికరాలు అక్కర్లేని మేధస్సని మురిసిపోతాం. కానీ ఉత్పలమాలలో రెండో అక్షరం ప్రాస, పదోది యతి. జారిపోయిన మాటను ఎక్కడ, ఏ అక్షరంతో వెతకాలో ఆ కట్టే చెబుతుంది. ఛందస్సు తరాల కవులు సానబెట్టిన పనిముట్టు. అవధాని దాన్ని చేత్తో పట్టుకోనక్కర్లేదు, అంతే.

ఇక ఫోను. నంబర్లు గుర్తుండటం లేదన్న బెంగ నాకు లేదు. పది అంకెలు మోయడంలో గొప్పేముంది? నా పేచీ దారి చూపే మ్యాప్‌తో. ఎడమకు తిరగమంటే తిరుగుతూ ఏడాది గడిపినా ఊరు తలకెక్కదు. బయలుదేరే ముందు అదే మ్యాప్ ఒకసారి చూసుకుని, ఫోను జేబులో పెట్టి నడిచినవాడికి నాలుగు రోజుల్లో సందులు కూడా తెలిసిపోతాయి. ఇక్కడ సాఫ్ట్‌వేర్ చదువుతున్నవారు చాలామందే ఉన్నారు. వాడేకొద్దీ తన అవసరం తగ్గించుకునే మ్యాప్‌ను ఎలా తయారుచేస్తారో చెప్పండి, మైకు మీకిస్తాను.