ముగింపు చెప్పే ముందు అడగండి

సభాధ్యక్షులకు, వేదికపైనున్న పెద్దలకు, మారతహళ్లి నుంచీ వైట్‌ఫీల్డ్ నుంచీ ట్రాఫిక్ దాటుకొని వచ్చిన తెలుగువారందరికీ నమస్కారం. యువత, వీడియో గేముల గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. వ్యసనం గురించి హెచ్చరిస్తానని నిర్వాహకులు ఆశించి ఉంటారు. ఆ పని చేయగల వక్తలు బెంగళూరులో చాలామంది ఉన్నారు. నలభై దాటాక కూడా రాత్రిపూట ఆడుకునే మనిషిగా, పదిమందిలో ఆట ముగింపును బయటపెట్టే అలవాటు గురించి మాత్రమే నేను మాట్లాడతాను.

రామాయణమంతా తెలిసి కూడా హరికథకు వెళ్తాం కదా, ముగింపు తెలిస్తే ఏం పోతుందని మనవాళ్లు వెంటనే అడుగుతారు. హరికథలో మనం శ్రోతలం. దాసుగారి గానం కోసం, పిట్టకథల కోసం వెళ్తాం, సీతమ్మను వెతికే భారం మన మీద పెట్టరు. ఆటలో ఆ భారం మనదే. 2019లో వచ్చిన ‘ఔటర్ వైల్డ్స్’ అనే ఆటలో కొత్త ఆయుధాలు చేతికి రావు, పాత్రకు బలమూ పెరగదు. ఆడేవారు స్వయంగా తెలుసుకున్నదొక్కటే వారిని ముందుకు నడిపిస్తుంది. అందులోని రహస్యాన్ని ఎవరైనా చెప్పేస్తే, ఆలోచిస్తున్న పిల్లవాడి ముందు పొడుపు కథ విప్పేసినట్టే, ఇక ఆడడానికి ఏమీ మిగలదు.

2011లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, శాన్ డియాగో పరిశోధకులు ప్రచురించిన అధ్యయనాన్ని కూడా కొందరు నా ముందు పెడతారు. ముగింపు ముందే తెలిసిన పాఠకులు కథలను కొంచెం ఎక్కువగానే ఆనందించారని అందులో తేలింది. వారు చదివినవి చిన్న కథలు, అంటే ఒకే విడతలో చదివేయగలిగేవి. నెలల తరబడి ఒక పాత్రను చేయి పట్టుకొని నడిపించిన మనిషి గురించి ఆ అధ్యయనం ఏమీ చెప్పదు.

నెలల తరబడి అన్నాను కనుక, నా ఫిర్యాదు కూడా వినండి. 2018లో వచ్చిన ‘రెడ్ డెడ్ రిడెంప్షన్ 2’ ప్రధాన కథ పూర్తి కావడానికే యాభై గంటలు పడుతుంది. పిల్లలు నిద్రపోయాక గంటసేపు ఆడే నాకు అది ఎన్ని నెలల పనో మీరే ఊహించండి. మా అపార్ట్‌మెంటులో ఉగాది భోజనాలకు పంక్తిలో కూర్చున్నాం. ఎదుటి విస్తరి ముందున్న కుర్రవాడు నన్ను చూసి, “అన్నా, ఇంకా అదే ఆడుతున్నారా? చివర్లో అతను...” అంటూ పులిహోర వడ్డించేలోపే కథ మొత్తం ముగించేశాడు. అతను చెప్పిన వాక్యాన్ని నేనిక్కడ పలకను. ఆ ఆట సగంలో ఉన్నవారు ఈ హాలులో ఉండవచ్చు. నేను నొచ్చుకున్నానని గమనించి అతను అన్న మాటే నన్ను ఎక్కువగా బాధించింది: “వచ్చి ఏళ్లయింది కదన్నా!”

అయ్యా, అమ్మా, ఇన్నేళ్లు దాటితే ముగింపు చెప్పేయవచ్చనే ఈ గడువును నిర్ణయించింది ఎవరు? విడుదలైన రోజే కొని, సెలవు పెట్టి వారంలో ముగించగలిగినవారే కదా! సినిమా మూడు గంటలు, టికెట్టు కొన్ని వందలు, మొదటి వారాంతంలో చూసేయవచ్చు. ప్లేస్టేషన్ 5లో పెద్ద ఆట కొత్తగా కొనాలంటే వేలల్లో అవుతుంది. ధర తగ్గేదాకా ఏడాదో రెండేళ్లో ఆగి కొనే విద్యార్థీ, సిల్క్ బోర్డు ట్రాఫిక్ దాటి ఇల్లు చేరేసరికి రాత్రయిపోయే ఉద్యోగీ ఆలస్యంగా వచ్చేది బద్ధకంతో కాదు. డబ్బూ తీరికా తక్కువైనవారికి ఆశ్చర్యపోయే హక్కు కూడా తక్కువేనా? మళ్లీ అడుగుతున్నాను, ఈ గడువును నిర్ణయించింది ఎవరు?

తయారీదారులు కూడా దీనికి పరిష్కారం వెతికారు. 2017లో ‘పర్సోనా 5’ను అమెరికాలో విడుదల చేసిన అట్లస్ సంస్థ, ఆ ఆట కథలో ఒక తేదీ దాటాక జరిగేదాన్ని ఆడుతూ ఇంటర్నెట్‌లో ప్రత్యక్ష ప్రసారం చేస్తే చర్య తీసుకుంటామని హెచ్చరించి, విమర్శలు రావడంతో ఆ హద్దును కథలో బాగా తర్వాతి తేదీకి మార్చింది. 2020లో ‘ద లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 2’ జూన్ 19న విడుదల కాగా, ఏప్రిల్‌లోనే అందులోని కీలక దృశ్యాలు బయటికి పొక్కాయి; ఇతరులకు చెప్పవద్దని తయారీదారులు అభ్యర్థించవలసి వచ్చింది. బెదిరింపు నాకు నచ్చదు. ముగింపును తిట్టే స్వేచ్ఛా, విప్పి చర్చించే స్వేచ్ఛా ఉండవలసిందే. దాన్ని గురించి మాట్లాడుకోలేకపోతే ఆట పూర్తి చేసిన ఆనందంలో సగం పోతుంది. అయితే “మీరు ఎంతవరకు వచ్చారు?” అని ముందుగా అడగడానికి ఒక్క క్షణం చాలు. క్యాంటీనులోనూ మెట్రోలోనూ పక్కన ఎవరున్నారో చూసి గొంతు తగ్గించడం మనకు చేతకాని పనేమీ కాదు. “చివర్లో ఊహించలేని మలుపు ఉంది, నేను చెప్పనులే” అని ఊరించేవారికి కూడా ఒక మనవి: అంతవరకు చెప్పినా, వినేవాడు ఇక ప్రతి దృశ్యాన్నీ అనుమానంతోనే చూస్తాడు.

ఇప్పుడు ప్రశ్నల సమయం. అడిగేవారు మొదట ఆట పేరు మాత్రం చెప్పి ఆగండి. వినదలచుకోనివారు వెనుక తలుపు గుండా వరండాలోకి వెళ్లవచ్చు. కాఫీ అక్కడే పెట్టారు.