సోమవారం లోపు ఆ గోడ

వేదిక మీదున్న పెద్దలకు, హెడ్మాస్టరమ్మగారికి, ప్రొద్దుటూరు ఎండలో పనులు మానుకుని వచ్చిన పాత విద్యార్థులందరికీ నమస్కారం. పేరుపేరునా చెప్పుకోవాల్సినవాళ్లు చాలామందే ఉన్నారు, మన్నించండి. బడి జ్ఞాపకాలు చెప్పమని పిలిచారు. కానీ సోమవారం పాత గదులు పడగొట్టడానికి జేసీబీ వస్తుందట. ఈలోగా పదో తరగతి గది గోడలోని తేనెటీగల సంగతి తేలాలి.

అదిగో, కిటికీ పైన నాపరాయి కింద సందు. బొటనవేలు పట్టేంత. లోపలికి పోయే ఈగల వెనక కాళ్లు చూడండి, పసుప్పచ్చని ముద్దలు. పుప్పొడి అది. అంత పుప్పొడి మోస్తున్నాయంటే లోపల పిల్లలు పెరుగుతున్నట్టే.

ఇవి వాటర్ ట్యాంకులకు వేలాడే పెద్ద ఈగలు కావు. వాటిది ఆరుబయట ఒకే పట్టు. పెట్టెలో ఉండవు, కాలం మారితే వాటంతటవే లేచిపోతాయి, జోలికి పోకపోతే చాలు. గోడలోవి పుట్టతేనె ఈగలు. చీకట్లో వరసగా పట్లు కడతాయి. వీటిని పెట్టెకు మార్చవచ్చు.

ఎందుకింత పట్టుదల అంటారేమో. మా వీధిలో ఒక ఆఫీసు గోడలో ఇలాంటి పట్టే ఉండేది. రాత్రికి రాత్రే పురుగుమందు కొట్టించారు. పొద్దున వరండా అంతా చచ్చిన ఈగలు, ఊడ్చి చేటలకెత్తారు. అక్కడితో అయిపోయిందా? కాయడానికి ఈగలు లేవు, ఎండకు లోపల మైనం మెత్తబడి తేనె గోడ వెంట కారింది. చీమలు పట్టాయి. ఎక్కడెక్కడి ఈగలో ఆ తేనెకు వచ్చి, మందు కలిసిన తేనె తాగి, అక్కడే గిలగిల తన్నుకున్నాయి. నా కళ్లతో చూశాను. ఎవరినడిగినా "పీడ వదిలింది" అన్నారు. పొద్దుతిరుగుడు వేసే రైతును అడగండి, ఈగ పీడ అవునో కాదో!

కాంట్రాక్టరు తమ్ముడూ, నిన్నే. ఆ ఒక్క గోడ చివరికి ఉంచు నాయనా. మిగతాది కానివ్వు.

పని పెద్దది కాదు. సాయంత్రం కొబ్బరిపీచు పొగ కొద్దిగా పెట్టి, నాపరాయి మెల్లగా లేపాలి. పిల్లలున్న పట్లను కత్తితో కోసి, గోడలో ఏ వైపు పైకి ఉందో అదే వైపు పైకి ఉంచి, చెక్క చట్రాలకు అరటినారతో కట్టాలి. తర్వాత ఈగలే మైనంతో అతికించుకుని నారను కొరికి పారేస్తాయి. తేనె పట్లు మాత్రం పెట్టెలో వద్దు, కారితే చీమలొస్తాయి. అసలు పని రాణిని పట్టడం. అది పెట్టెలో చేరితే మిగతావి వెనకే నడిచిపోతాయి. పెట్టెను ఆ సందు దగ్గరే చీకటిపడేదాకా ఉంచాలి, మేతకు పోయినవి తిరిగి రావాలి కదా. టార్చికి ఎర్ర కాగితం చుట్టండి, ఎరుపు వాటి కంటికి ఆనదు.

తర్వాత మూతి మూసి దూరం తీసుకుపోవాలి. పక్క వీధిలో పెడితే మళ్లీ ఈ గోడకే వస్తాయి. వేంపల్లె వైపు చీనీతోట ఉన్న అక్క ఒకామె ఒప్పుకుంది. పెట్టె కాళ్ల కింద నీళ్ల గిన్నెలు పెట్టి, మొదట్లో చక్కెరనీళ్లు పోయాలని చెప్పాను.

పెట్టె, చట్రాలు నేను తెస్తాను. శనివారం సాయంత్రం నాలుగింటికి నిచ్చెన పట్టుకునేవాళ్లు ఇద్దరు కావాలి. పొడుగు చేతుల చొక్కా వేసుకుని రండి, సెంటు పూసుకోకండి. ఎవరొస్తారో ఇప్పుడే చెయ్యెత్తండి, పేర్లు రాసుకుంటాను.