మీ కుక్కని పాడుచేస్తున్నది ఆ ‘పర్లేదు’ అనే మనిషే!

ముందే చెప్పేస్తున్నా, కొంతమందికి కోపం వస్తుంది. రానివ్వండి. ఇంటికొచ్చిన ప్రతివాళ్ల మీదకీ మీ కుక్క ఎగురుతోందంటే, దానికి ఆ విద్య నేర్పింది ఎవరో తెలుసా? గుమ్మంలో నిలబడి "పర్లేదులెండి, నాకు కుక్కలంటే ప్రాణం" అంటాడే, ఆయన! ముమ్మాటికీ ఆయనే!

ఎగిరే కుక్కకి ఆ అలవాటు మాన్పించాలంటే మోకాలితో రొమ్ము మీద పొడవాలా వద్దా అని కుక్కలు పెంచేవాళ్లు ఒకటే కొట్టుకుంటుంటారు. పొడిస్తేనే బుద్ధొస్తుందని కొందరు, పాపం అని కొందరు. అందరూ కుక్క కాళ్ల వైపే చూస్తున్నారు. వచ్చినాయన చెయ్యి ఏం చేస్తోందో ఒక్కరూ చూడట్లేదు!

మా ఇంట్లో బ్రూనో ఉన్నాడు. లాబ్రడార్, 30 కిలోలు. పైఫ్లోర్ అంకుల్ వస్తే వీడు రెండు కాళ్లూ ఆయన గుండెల మీద పెట్టేస్తాడు. ఆయన ఆ కాళ్లు పట్టుకుని, చెవుల వెనక గోకి, "ఏరా నాన్నా" అంటారు. ఓ రోజు పొద్దున్నే మా అమ్మ పాలప్యాకెట్లతో లోపలికొస్తోంది. 72 ఏళ్ల మనిషి. వీడు అదే ప్రేమతో ఎగిరాడు. చెప్పుల స్టాండ్ పట్టుకుంది కాబట్టి పడలేదు. కానీ ముంజేతి మీద గోరు గీసుకుపోయింది. ఆ వయసులో చర్మం ఉల్లిపొరండీ, అలా లేచి వచ్చేసింది. పాలు నేలపాలు. వీడేమో తోకూపుకుంటూ ఆ పాలు నాకుతున్నాడు. వాడికేం తెలుసు? నిన్న ఇదే పనికి ముద్దు చేశారు, ఇవాళ కేకలేస్తున్నారు!

ఇది నా ఒక్కడి గోల కాదు. బి.ఎఫ్. స్కిన్నర్ అని అమెరికన్ సైకాలజిస్టు, ఫెర్‌స్టర్ అనే ఇంకొకాయనతో కలిసి పావురాల మీద చేసిన ప్రయోగాలు 1957లో అచ్చయ్యాయి. ముక్కుతో పొడిచిన ప్రతిసారీ గింజలు పడే పావురం, గింజలు ఆగిపోతే త్వరగానే మానేస్తుంది. ఎప్పుడు పడతాయో తెలియకుండా అప్పుడొకటీ ఇప్పుడొకటీ పడ్డ పావురం? పొడుస్తూనే ఉంటుంది, పొడుస్తూనే ఉంటుంది! ఇంట్లో నలుగురూ పట్టించుకోకపోయినా, వారానికోసారి వచ్చే అంకుల్ చెవులు గోకితే చాలు. బ్రూనోకి గింజ పడిపోయింది!

ఇంకోటి, "వాడు నీ మీద ఆల్ఫా అవుతున్నాడు (అంటే గుంపుకి పెత్తందారు), తొక్కిపెట్టు" అని చెప్పేవాళ్ల మాట వినకండి. తోడేళ్ల విషయంలో ఈ ‘ఆల్ఫా’ అనే మాటని జనంలోకి తీసుకెళ్లిన శాస్త్రవేత్త డేవిడ్ మెక్ 1999లో తానే రాశాడు, అడవిలో తోడేళ్ల గుంపంటే అమ్మా నాన్నా పిల్లలూ, ఆ మాట అక్కడ నప్పదని. తోడేలు పిల్లలు చేసేదేంటి? వేట నుంచి వచ్చిన పెద్దవాటి మూతి నాకుతాయి, తిండి కక్కి పెట్టమని. కుక్కదీ అదే బుద్ధి, మన మూతేమో అయిదడుగుల ఎత్తున ఉంది. ఎగరక ఏం చేస్తుందండీ?

మోకాలితో పొడిస్తే ఎముక దెబ్బ తినొచ్చు, లేదా చుట్టాలంటేనే భయం పట్టుకోవచ్చు. భయపడ్డ కుక్క కరుస్తుంది. చేతులతో తోశారా, దానికది ఆట. "దిగు, దిగు" అని అరిచినా దానికి పలకరింపే.

మరి చెయ్యాల్సింది? బెల్ మోగకముందే మెడ పట్టీకి తాడు వేసి, రెండో కొస కిటికీ ఊచకి కట్టండి. మీరు పక్కనే ఉండండి. వచ్చినవాళ్లు దానికి అందనంత దూరంలో ఆగాలి. ఎగిరితే చేతులు కట్టుకుని అటు తిరిగిపోవాలి. చూపు లేదు, మాట లేదు. నాలుగు కాళ్లూ నేల మీద ఆనాయా, ఆ క్షణంలోనే ఉడికించిన చికెన్ ముక్క. చేత్తో పెట్టకండి, నేల మీద వెయ్యండి, తల కిందకే ఉంటుంది. మొదట్లో ముందుకన్నా ఎక్కువ ఎగురుతుంది. ఇదిగో, ఇక్కడే అందరూ చేతులెత్తేసి "కుక్క తోక వంకర" అనేస్తారు. అదేం కాదు! పాత పద్ధతి ఎందుకు పని చెయ్యట్లేదో అర్థంకాక అది గట్టిగా ప్రయత్నిస్తోంది, అంతే. ఆ రోజుల్లో ఒక్కరు "పర్లేదు" అన్నారా, మళ్లీ మొదటికే!

నాకెందుకింత ఆవేశం అంటారా? 2023 జనవరిలో బంజారాహిల్స్‌లో ఫుడ్ డెలివరీకి వెళ్లిన కుర్రాడు, పెంపుడు కుక్క మీదకి ఉరికితే భయంతో మూడో అంతస్తు నుంచి పడి ప్రాణాలే పోగొట్టుకున్నాడు. వచ్చినవాళ్లందరికీ కుక్కలంటే ప్రాణం కాదండీ! చట్టం కూడా ఊరుకోదు. భారతీయ న్యాయ సంహిత 291 సెక్షన్ కింద, పెంచుకునే జంతువు విషయంలో నిర్లక్ష్యంగా ఉంటే ఆరు నెలల దాకా జైలు, 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ.

మా తలుపు మీద కాగితం అంటించాను: "బ్రూనో కూర్చున్నాకే ముట్టుకోండి." అంకుల్‌కి కోపమొచ్చింది, నాలుగు రోజులు రాలేదు. ఐదో రోజు వచ్చారు. చెయ్యి చాపబోయారు, "అంకుల్, ఆగండి" అన్నాను. ఆయన చేతులు వెనక్కి కట్టుకుని గోడ వైపు తిరిగారు. వీడు ఎగిరాడు, కుయ్యిమన్నాడు, మళ్లీ ఎగిరాడు. తర్వాత వెనక భాగమంతా వణుకుతుండగా, నెమ్మదిగా కూర్చున్నాడు. అప్పుడు అంకుల్ మోకాళ్ల మీద వంగి, వాడి చెవుల వెనక గోకారు.