ఒకే దీపం, నాలుగు చోట్లు

శ్రోతలకు నమస్కారం.

నెల్లూరు నుంచో విజయవాడ నుంచో చుట్టాలు చెన్నై వస్తే మనం ఏం చూపిస్తాం? మెరీనా, టీనగర్ కొట్లు, తీరిక ఉంటే మైలాపూరు గుడి. బస్సు సెయింట్ జార్జ్ కోట ముందు నుంచి పోతుంటే ‘అదిగో కోట’ అని వేలు చూపిస్తాం. అంతటితో సరి. ఈసారి వాళ్లను ఒక దీపం వెంట తిప్పండి.

ఇక్కడి స్థానిక పాలకుడు దామెర్ల వెంకటాద్రి నాయకుడి దగ్గర 1639లో ఆంగ్లేయులు పుచ్చుకున్నది వట్టి ఇసుక తీరం. రేవు లేదు. ఓడలు దూరాన లంగరు వేస్తే, మనుషులూ సరుకులూ మసులా అనే నాటు పడవల్లో అలల మీద ఎగిరెగిరి పడుతూ ఒడ్డుకు చేరేవారు. కొండ లేదు, గుట్ట లేదు. చీకట్లో ఊరు ఎక్కడుందో ఓడవాడికి తెలిసేదెలా? అందుకే దీపం.

మొదటిది 1796లో కోటలోనే వెలిగింది, వర్తకుల ఎక్స్ఛేంజ్ భవనం మిద్దె మీద, కొబ్బరి నూనెతో. ఇప్పుడది కోట మ్యూజియం. లోపలి కత్తులూ నాణేలూ అందరూ చూస్తారు. మీరు బయటికొచ్చి మిద్దె కేసి కూడా చూడండి.

రెండోదంటే నాకు ప్రాణం. హైకోర్టు ఆవరణలో సుమారు 125 అడుగుల రాతి స్తంభం ఒకటి ఒంటరిగా ఉంటుంది. కెప్టెన్ స్మిత్ అనే సైనిక ఇంజనీరు కట్టించాడు. 1844 జనవరి 1న దీపం పెట్టారు. యాభై ఏళ్లు అదే ఓడలకు దారి చూపింది. 1892లో పక్కనే ఎర్రటి హైకోర్టు లేచింది. దాని పెద్ద గుమ్మటం స్తంభాన్ని మించిపోయింది. ఇంకేముంది, అద్దె ఇల్లు మారినట్టు 1894లో దీపం గుమ్మటం మీదికి మారింది. అదే మూడో చోటు. కింద వాదోపవాదాలు, నెత్తిన ఓడల దీపం! స్తంభం మాత్రం ఖాళీ. ఎవరో దొరగారి స్మారకమేమో అనుకుని జనం దాటిపోతారు. స్మారకం కాదండీ, దీపస్తంభం. మళ్లీ చెబుతున్నాను, దీపస్తంభం.

ఆ కోర్టు ప్రహరీగోడ దగ్గరే ఇంకో గుర్తు. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1914 సెప్టెంబర్ 22 రాత్రి జర్మన్ యుద్ధనౌక ఎమ్డెన్ మద్రాసు మీద గుళ్లు కురిపించింది. రేవు దగ్గరి చమురు ట్యాంకులు అంటుకున్నాయి. ఆ సంగతి చెప్పే ఫలకం గోడకు ఉంది.

నాలుగోది 1977 నాటి మెరీనా లైట్‌హౌస్. అందంలో స్తంభానికి సాటి రాదని నా అభిప్రాయం, కానీ ఎక్కి చూడనిచ్చేది అదొక్కటే.

ఇక రోజు సంగతి. శుక్రవారం కోట మ్యూజియం ఉండదు. సోమవారం మెరీనా లైట్‌హౌస్ ఉండదు. ఆ రెండు రోజులూ వదిలేయండి. కోటలో సచివాలయం ఉంది గనుక గుర్తింపు కార్డు తప్పనిసరి. పొద్దున కోట, తర్వాత హైకోర్టు వైపు; లోపలికి వెళ్లనివ్వకపోతే స్తంభాన్ని బయటి నుంచే చూడండి. మధ్యాహ్నం ఎండ తగ్గాక మెరీనా. చీకటి పడక ముందే మూసేస్తారు, ఆలస్యం చేయకండి. అక్కడ లిఫ్ట్ ఉంది, మోకాళ్ల నొప్పులున్న పెద్దమ్మనూ తీసుకువెళ్లవచ్చు.