కారు నాగోలులో, మనం కోఠీలో

శ్రోతలకు నమస్కారం.

జిల్లాల నుంచి హైదరాబాదుకు సొంత కారులో వెళ్ళేటప్పుడు బయలుదేరేముందు ఏమేం చూసుకుంటాం? డీజిల్ చూసుకుంటాం. టైర్లలో గాలి చూసుకుంటాం. ఫాస్టాగ్‌లో డబ్బులున్నాయో లేదో చూసుకుంటాం. దారిలో టిఫిన్ ఎక్కడ తినాలో కూడా ముందే అనుకుంటాం. మరి వెళ్ళాక కారు ఎక్కడ పెట్టాలి? "అక్కడికి వెళ్ళాక చూద్దాంలే" అంటాం. ఈ "చూద్దాంలే" గురించే ఇవాళ నాలుగు మాటలు చెప్పాలని వచ్చాను.

మాది హనుమకొండ. మా మేనకోడలి పెళ్ళి కుదిరినప్పుడు చీరలు కొనడానికి అక్క, బావ, నేను కోఠీ వెళ్ళాం. పొద్దున ఏడింటికి బయలుదేరి, జనగామలో ఇడ్లీలు తిని, పదింటికల్లా ఉప్పల్ చేరాం. అంతవరకూ ప్రయాణం హాయిగా సాగింది. ఉప్పల్ నుంచి కోఠీకి గంట పైనే పట్టింది. కోఠీ చేరాక కారు పెట్టే చోటు కోసం ఇంకో ముప్పావు గంట తిరిగాం. ఒక చుట్టు తిరిగాం, రెండో చుట్టు తిరిగాం. ఉమెన్స్ కాలేజీ ముందు నుంచి మూడోసారి వెళ్తుంటే మా అక్క అన్నది: "తమ్మీ, ఈ గేటు మళ్ళ వచ్చింది గదరా!"

చివరికి ఒక సందులో ఖాళీ స్థలం కనబడింది. ఒక కుర్రాడు చెయ్యి ఊపి పిలిచి, గంటకు యాభై అన్నాడు. సరే అన్నాం. అప్పటికి ఎంతన్నా సరే అనే స్థితిలో ఉన్నాం. చేతిలో ఒక గులాబీ రంగు చీటీ పెట్టాడు. దాని మీద బాల్‌పెన్నుతో టైమ్, కారు నంబరులో చివరి నాలుగు అంకెలు రాసి ఉన్నాయి. అంతే. రేటు లేదు, ఆ స్థలం పేరు లేదు, ఫోన్ నంబరు లేదు.

ఐదు గంటల తర్వాత తిరిగొచ్చాం. రెండు వందల యాభై అవుతుందనుకుంటే, నాలుగు గంటలు దాటితే రేటు వేరన్నారు, నాలుగు వందలు తీసుకున్నారు. అది ఒక బాధ. రెండోది అంతకన్నా పెద్ద బాధ. మా కారుకు అడ్డంగా ఇంకో మూడు కార్లు పెట్టారు. ఆ కార్లవాళ్ళు బజారు ముగించుకుని వస్తే గానీ మాది బయటికి రాదు. నలభై నిమిషాలు నిలబడ్డాం. మా అక్కకు మోకాళ్ళ నొప్పులు. కూర్చోవడానికి చిన్న అరుగు కూడా లేదు. చీరల సంచులు రెండు చేతుల్లో పట్టుకుని గోడకు ఆనుకుని నిలబడింది. నాలుగు వందలు పోయినందుకు కాదు, ఆమె అలా నిలబడినందుకు నాకు ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

ఆ కుర్రాణ్ణి నేను తప్పుపట్టను. పొద్దుటి నుంచి ఎండలో నిలబడేది అతనే, తిట్లు తినేది అతనే. రేటు పెట్టేది అతను కాదు. నేనే ఇంట్లో బయలుదేరేముందు ఆలోచించాల్సింది.

నెల తర్వాత జాకెట్ల కోసం మళ్ళీ వెళ్ళాల్సి వచ్చింది. ఈసారి ముందురోజు రాత్రే ఫోన్‌లో మ్యాపు తెరిచి కూర్చున్నాను. కోఠీలో పార్కింగ్ ఎక్కడ అని వెతకలేదు. మన వరంగల్ రోడ్డుకు దగ్గరలో మెట్రో రైలు ఎక్కడ మొదలవుతుంది అని వెతికాను. ఈ తేడా కాస్త గమనించండి. దిగే చోట కాదు, ఊళ్ళోకి అడుగుపెట్టే చోట వెతికాను.

వరంగల్ నుంచి వచ్చేటప్పుడు ఉప్పల్ చౌరస్తా దగ్గర ఎడమకు తిరిగితే నాగోలు మెట్రో స్టేషన్ వస్తుంది. నీలం లైను అక్కడే మొదలవుతుంది. పార్కింగ్ స్థలం విశాలంగా ఉంటుంది. ఇన్ని గంటల వరకైతే ఇంత అని రేట్లు బోర్డు మీద రాసి ఉన్నాయి. అంతకుముందు అక్కడ ఉచితంగా పెట్టుకునేవాళ్ళు. 2024లో రుసుము మొదలుపెట్టారు. రోజూ ఆఫీసులకు వెళ్ళేవాళ్ళు అప్పుడు గట్టిగా నిరసన తెలిపారు. రోజూ కట్టాలంటే భారమే కదా, వాళ్ళ మాటలో న్యాయముంది. మనలాగా రెండు నెలలకు ఒకసారి వెళ్ళేవాళ్ళకు మాత్రం, బోర్డు మీద రాసి ఉన్న రేటు అంటే పెద్ద నిశ్చింత.

కారు పెట్టి మెట్లెక్కుతుంటే మా అక్క వెనక్కి తిరిగి చూసింది. "ఇంత దూరంల ఇడిచిపెట్టి పోతే కారు ఉంటదా తమ్మీ?" అన్నది. ఉంటది అక్కా అన్నాను. రెండు స్టేషన్లు దాటే వరకూ ఆమె ముఖంలో ఆ దిగులు పోలేదు.

హబ్సిగూడ, తార్నాక, మెట్టుగూడ, సికింద్రాబాద్ ఈస్ట్. ఆ తర్వాత పరేడ్ గ్రౌండ్‌లో దిగి ఆకుపచ్చ లైనుకు మారాలి. లిఫ్టు ఉంది, కాబట్టి మోకాళ్ళ నొప్పులవాళ్ళు భయపడక్కర్లేదు. కాస్త నడక మాత్రం ఉంటుంది, అది ముందే చెబుతున్నాను. అక్కడి నుంచి గాంధీ ఆసుపత్రి, ముషీరాబాద్, ఆర్టీసీ క్రాస్ రోడ్స్, చిక్కడపల్లి, నారాయణగూడ, సుల్తాన్‌బజార్. ఆర్టీసీ క్రాస్ రోడ్స్ దగ్గర కిటికీలోంచి కిందికి చూస్తే కార్లు వరుసగా కదలకుండా నిలిచి ఉన్నాయి. అక్క నా మోచేయి తట్టి వాటిని చూపించింది. ఏమీ అనలేదు. కారు సంగతి ఆ తర్వాత ఆమె మళ్ళీ ఎత్తలేదు.

సుల్తాన్‌బజార్‌లో దిగితే బజారు నడిచి వెళ్ళే దూరమే. ఆ రోజు నాలుగు షాపులు తిరిగాం, ఎక్కడా తొందర లేదు. టైమ్ ఎంతయిందని ఎవరూ గడియారం చూడలేదు.

హైదరాబాద్ మెట్రో 2017 నవంబరులో మొదలైంది. మూడు లైన్లు, 69 కిలోమీటర్లు. ఇవి గుర్తుంచుకోకపోయినా ఫరవాలేదు, మూడు పేర్లు గుర్తుంచుకోండి. వరంగల్ రోడ్డు మీద వస్తే నాగోలు. విజయవాడ రోడ్డు మీద, అంటే సూర్యాపేట, ఖమ్మం, బెజవాడ వైపు నుంచి వస్తే ఎల్బీనగర్. సంగారెడ్డి, జహీరాబాద్ వైపు నుంచి వస్తే మియాపూర్. మళ్ళీ చెబుతున్నాను: నాగోలు, ఎల్బీనగర్, మియాపూర్. ఎల్బీనగర్‌లో చోటు దొరక్కపోతే అక్కడి నుంచి నాగోలు కొద్ది దూరమే. కర్నూలు, మహబూబ్‌నగర్ వైపు నుంచి వచ్చేవాళ్ళకు మాత్రం దారిలో ఇంత సులువుగా మెట్రో తగలదు.

ఇక ఖర్చు. 2025 మే నెలలో సవరించిన టికెట్ ధరల ప్రకారం ఒక మనిషికి ఒకవైపు కనీసం 11 రూపాయలు, ఎంత దూరమైనా 69 రూపాయలు. ఇద్దరు వెళ్ళి రావడానికి ఎక్కువలో ఎక్కువ 276 రూపాయలు. దానికి నాగోలులో పార్కింగ్ కలుపుకోండి, ఊళ్ళో ట్రాఫిక్‌లో తగలబడే డీజిల్ తీసేయండి. ఇద్దరు ముగ్గురికి ఇది లాభమే. నలుగురైదుగురు వెళ్తే డబ్బులు పెద్దగా మిగలకపోవచ్చు, టెన్షన్ మాత్రం ఉండదు.

ఆసుపత్రులకు వెళ్ళేవాళ్ళ కోసం ఒక్క మాట. నిమ్స్‌కు వెళ్ళాలంటే ఎర్ర లైనులో, అంటే ఎల్బీనగర్ నుంచి మియాపూర్ వెళ్ళే లైనులో, పంజాగుట్ట దగ్గర దిగొచ్చు. గాంధీ ఆసుపత్రికి ఆ పేరుతోనే స్టేషన్ ఉంది. నడవగలిగిన రోగి అయితేనే సుమా. నడవలేని మనిషిని తీసుకెళ్ళేటప్పుడు ఈ లెక్కలేవీ పెట్టుకోకండి, ఆసుపత్రి గుమ్మం దాకా కారులోనే తీసుకెళ్ళండి. రాత్రికి అక్కడే ఉండాల్సి వస్తుందేమో అనిపిస్తే, రాత్రంతా కారు ఉంచనిస్తారా, ఎంత తీసుకుంటారు అని స్టేషన్ పార్కింగ్‌లో ముందే అడగండి. చివరి రైలు ఎన్నింటికో కూడా టికెట్ కౌంటర్‌లో అడిగి పెట్టుకోండి.

కారు ఊళ్ళోకి తీసుకెళ్ళక తప్పనప్పుడు, పెద్ద మాల్‌కు గానీ షాపింగ్ కాంప్లెక్స్‌కు గానీ వెళ్ళినప్పుడు, ఒక సంగతి తెలిసి ఉండాలి. చాలామందికి తెలియదు. 2018లో తెలంగాణ ప్రభుత్వం జీవో నంబర్ 63 తెచ్చింది. ఆ సంవత్సరం ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం మాల్స్‌లో, మల్టీప్లెక్స్‌లలో, వాణిజ్య సముదాయాల్లో మొదటి అరగంట పార్కింగ్ అందరికీ ఉచితం. ఏమీ కొనకపోయినా ఉచితం. అరగంట నుంచి గంట వరకూ, అక్కడ ఏదైనా కొన్నట్టు బిల్లు చూపిస్తే ఉచితం. ఆ బిల్లు ఎంతదైనా సరే. గంట దాటితే, మీ బిల్లు గానీ సినిమా టికెట్ గానీ పార్కింగ్ రుసుము కన్నా ఎక్కువ ఉంటే అప్పుడూ ఉచితమే. విడిగా ఉండే సినిమా హాళ్ళకు మాత్రం 2021లో మినహాయింపు ఇచ్చారు, అక్కడ డబ్బులు తీసుకోవచ్చు.

అంటే, బిల్లు పారేయకండి. షాపులో చీర కొన్నా బిల్లు అడగండి, పిల్లలకు ఐస్‌క్రీమ్ కొన్నా బిల్లు అడగండి. గేటు దగ్గర వాళ్ళు అడగకపోయినా మీరే తీసి చూపించండి. మర్యాదగానే చూపించండి, గొడవ అక్కర్లేదు.

మా అక్క ఇప్పుడు ఏ షాపులో బిల్లు చేతికిచ్చినా నాలుగు మడతలు పెట్టి కొంగున ముడేసుకుంటోంది. కారు దాకా వచ్చి, గేటు దాటాకే ఆ ముడి విప్పుతోంది.

నమస్కారం.